అనతోలియా రాక్: 1960–70ల టర్కీ పాటల్లో గిటారు పాలెంత, సాజ్ పాలెంత?

పాతరికార్డు

సభ్యులందరికీ నమస్కారం. ఈ విభాగంలో లండన్, లివర్‌పూల్, శాన్‌ఫ్రాన్సిస్కో నగరాల రాక్ సంగీతం మీద చర్చలకు కొదవ లేదు. అదే కాలంలో ఇస్తాంబుల్, అంకారా కుర్రకారు విద్యుత్ గిటార్లు పట్టుకుని తమ పల్లెపాటలతో చేసిన ప్రయోగాల గురించి మాత్రం ఇంతవరకు ఎవరూ ప్రస్తావించలేదు. అక్కడివారు ఆ సంగీతాన్ని మొదట 'అనదోలు పాప్' అన్నారు (అనదోలు అంటే అనతోలియా, టర్కీలోని ఆసియా భూభాగం), తరువాత 'అనదోలు రాక్' అన్న పేరు స్థిరపడింది.

నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. 1961లో ఫెజ్రీ ఎబ్‌జియోలు ఒక ఫ్రెంచి పాట బాణీకి టర్కిష్ మాటలు కూర్చగా ఇల్హామ్ గెంజెర్ పాడారు. ఆ పాట జనంలోకి వెళ్లడంతో విదేశీ బాణీకి స్వదేశీ మాటలు తొడగడమే ఒక పరిశ్రమగా మారింది, దానికి 'అరాంజ్‌మాన్' అని పేరు కూడా పడింది. 1964లో తులాయ్ గెర్మాన్ 'బుర్చాక్ తర్లాసి' అనే జానపద గీతాన్ని పాశ్చాత్య వాద్యాల తోడుతో పాడి గాలిని ఇంకో వైపుకు తిప్పారు. అత్తవారింట చేను కోతకు వెళ్లవలసి వచ్చిన కొత్త కోడలి గోడు ఆ పాట.

అసలు మలుపు 1965లో వచ్చిందని నా అభిప్రాయం. హుర్రియెత్ దినపత్రిక 'ఆల్తిన్ మిక్రొఫోన్', అంటే బంగారు మైక్రోఫోన్, అనే పోటీని ఆ ఏడాది మొదలుపెట్టి 1968 వరకు ఏటా నడిపింది. నిబంధన సూటిగా ఉండేది: పాట టర్కిష్‌లో ఉండాలి, అది జానపద బాణీకి కొత్త రూపమైనా కావాలి, సొంత రచనైనా కావాలి, వాద్యాలూ పద్ధతులూ పాశ్చాత్యమైనవి కావాలి. తుది దశకు చేరిన బృందాల పాటలు 45 వేగపు చిన్న రికార్డులుగా వెలువడేవి, ఆ బృందాలు ఊరూరా తిరిగి జనం ముందు పాడేవి. అంతవరకు ఇంగ్లీషు పాటలను అనుకరిస్తున్న కుర్రవాళ్లు బహుమతి కోసమైనా తమ తాతల పాటలను వెతుక్కోవలసి వచ్చింది. ఒక పత్రిక పెట్టిన ఈ నిబంధనే లేకపోతే అనదోలు పాప్ పుట్టేది కాదని నేనంటాను. మీరేమంటారు?

ఆరోతీగ

పాతరికార్డు గారూ, పోటీ దారి చూపిందంటే ఒప్పుకుంటాను. అయితే ఆ దారిలో నడక సాగడానికి కారణం వాద్యంలోనే ఉంది. గిటారు వాయించేవాడిగా నాకు తోచింది చెబుతాను.

సాజ్ అనే టర్కీ తీగవాద్యాల కుటుంబంలో ప్రధానమైనది బాలమా. పొడవైన మెడ, బేరిపండు ఆకారపు బుర్ర, మూడు జట్లుగా సాధారణంగా ఏడు తీగలు. మన వీణకు మెట్లు మైనంలో నిలిచి ఉంటాయి. బాలమా మెట్లు మెడ చుట్టూ బిగించి కట్టిన సన్నని నైలాను దారాలు, వేలితో ముందుకూ వెనక్కూ జరపవచ్చు. సాధారణంగా ఒక స్థాయిలో పదిహేడు మెట్లు కడతారు. గిటారుకు పన్నెండే. ఆ అదనపు మెట్లు పలికే స్వరాలు గిటారు మెట్ల మధ్యలో ఎక్కడో ఉంటాయి. టర్కీ జానపద స్వరలిపిలో 'సి' (ఇంగ్లీషు పద్ధతిలో B) స్వరం పక్కన కోమల గుర్తు వేసి దాని మీద 2 అనే అంకె రాస్తారు. స్వరాన్ని పూర్తి అర్ధస్వరం మేర కాకుండా రెండు కోమాల (కోమా అంటే పూర్ణస్వరంలో సుమారు తొమ్మిదో వంతు) మేర మాత్రమే దించమని దాని భావం. గిటారు వాద్యకారుడు ఆ చోటికి చేరాలంటే తీగను పక్కకు లాగడం తప్ప గత్యంతరం లేదు, ఆ లాగడంలో ఒక రకమైన ఏడుపు తనంతట తానే వచ్చి చేరుతుంది. ఈ సంగీతంలో పేరుమోసిన గాయకుడు, గిటారు వాద్యకారుడు ఎర్కిన్ కొరాయ్ గిటారులో వినిపించే ఆర్తికి మూలం చాలా వరకు ఇదే.

మరో సంగతి. బాలమాలో బాణీ ప్రధానంగా కింది జట్టు మీద నడుస్తుంటే మిగతా జట్లు ఖాళీగా మోగుతూ శ్రుతి పడుతుంటాయి. అంటే అందులో పాశ్చాత్య స్వరమేళనం లేదు, నిలకడైన శ్రుతి మీద పదేపదే తిరిగి వచ్చే చిన్న పలుకు ఉంది. రాక్ గిటారు చేసేదీ అదే పని కదా! అందువల్ల ఈ బృందాలు పాటకింద స్వరమేళనాలు పేర్చే ప్రయాసను చాలాచోట్ల వదిలేసి, గిటారు, ఆర్గాన్, బేస్ మూడింటినీ ఒకే బాణీ మీద కలిపి నడిపించాయి. సాజ్ ధ్వని సన్ననిది, త్వరగా ఆరిపోతుంది. గిటారు ధ్వనిని గరుకుగా, దీర్ఘంగా మార్చే ఫజ్ పెడల్ అనే పరికరం ఆ లోటు తీర్చింది. బాలమాను విద్యుదీకరించిన ఘనత సాధారణంగా కొరాయ్‌కే ఇస్తారు. ఉచ్ హురెల్ బృందంలోని ముగ్గురు అన్నదమ్ముల్లో ఫెరిదున్ ఒక అడుగు ముందుకు వేసి, ఒకే బుర్రకు ఒక మెడ గిటారుది, ఇంకో మెడ సాజ్‌ది ఉండేలా వాద్యం చేసుకున్నారు. మీరు శీర్షికలో అడిగిన ప్రశ్నకు ఆ వాద్యమే జవాబు.

చాపుతాళం

లయ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి మృదంగం పక్షాన నేను మాట్లాడతాను. టర్కీ జానపదంలో తొమ్మిది మాత్రల లయలు విస్తారం. మన సంకీర్ణంలో తొమ్మిదిని నాలుగూ అయిదుగా విడగొట్టడం పరిపాటి. అక్కడి 'అక్సాక్' లయలో రెండు, రెండు, రెండు, మూడు అని నడుస్తుంది. చివరి మూడు దగ్గర అడుగు కాస్త కుంటినట్టు అనిపిస్తుంది, నాట్యమంతా ఆ కుంటులోనే ఉంటుంది. నల్ల సముద్ర తీరపు హోరోన్ నాట్యంలో ఏడు మాత్రలు రెండు, రెండు, మూడుగా పడతాయి. మిశ్రచాపును తిరగవేసిన విలోమచాపు తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. వేగం మాత్రం ఊపిరి సలపనివ్వదు.

హురెల్ సోదరులది ఆ తీరంలోని త్రబ్జోన్. రాక్ డ్రమ్ముల నడుమ దర్బుకా దెబ్బలు కలిపిన హల్దున్ వాద్యాన్ని శ్రద్ధగా వినండి. అయితే ఒక ఫిర్యాదు కూడా ఉంది. పోటీ కాలపు తొలి రికార్డుల్లో చాలా బృందాలు ఇలాంటి లయలను సాపు చేసి, నాలుగు మాత్రల రాక్ నడకలోకి నెట్టేశాయి. బాణీ మిగిలింది, నడక పోయింది. 1970 తరువాతి రికార్డుల్లోనే లయకు న్యాయం జరిగింది.

సందేహజీవి

పోటీ నిబంధనకు పాతరికార్డు గారు మరీ ఎక్కువ మార్కులు వేశారు. ఆ నిబంధన పత్రికాఫీసులో పుట్టలేదు. 1923లో జాతీయవాద మేధావి జియా గోకాల్ప్ తన 'తుర్క్‌చులుయున్ ఎసాస్లారి' (టర్కీ జాతీయవాద మూలసూత్రాలు) గ్రంథంలో జాతీయ సంగీతానికి ఒక సూత్రం చెప్పాడు: ఆస్థాన సంగీతం పరాయిది, జానపద బాణీ మనది, దానికి పాశ్చాత్య స్వరమేళనం జోడిస్తే జాతీయ సంగీతం సిద్ధమవుతుంది. కొత్త గణతంత్ర రాజ్యం ఈ సూత్రాన్ని విధానంగా స్వీకరించింది. 1930ల నడుమ ఒకటిన్నర సంవత్సరానికి పైగా రేడియోలో ఆస్థాన సంగీతాన్ని నిషేధించారు కూడా. జానపద గీతాల సేకరణకు పెద్ద ప్రయత్నాలు జరిగాయి. 1936లో హంగేరీ స్వరకర్త బేలా బార్తోక్ వచ్చి, అహ్మెత్ అద్నాన్ సయ్‌గున్‌ను వెంటబెట్టుకుని అదనా పరిసరాల్లో పాటలు సేకరించాడు. ముజఫ్ఫెర్ సరీసోజెన్ రేడియో బృందగానం 'యుర్త్‌తన్ సెస్లెర్' ద్వారా ఎక్కడెక్కడి పాటలో ఇంటింటా వినిపించాయి. గిటారు పట్టిన నగరపు పిల్లవాడికి పల్లెపాట దొరికింది చాలావరకు ఆ రేడియోలోనే. వాద్యబృందాల స్వరకర్తలు నలభై ఏళ్లు ప్రయత్నించి జనానికి చేర్చలేకపోయిన సూత్రాన్ని జుట్టు పెంచుకున్న కుర్రవాళ్లు చేర్చారన్నది చరిత్రలోని తమాషా.

ఆ సూత్రంలో ఒక ఇబ్బంది కూడా ఉంది. 1966 పోటీలో సిలుయెత్లర్ బృందానికి ప్రథమ బహుమతి తెచ్చిన 'లోర్కే' కుర్దుల నాట్యపు బాణీ. కుర్దిష్ భాషకు రేడియోలో చోటులేని రోజుల్లో, మాటలు లేని గిటారు బాణీగా అది 'టర్కీ జానపదం' అనే ముద్రతో గెలిచింది. సమ్మేళనాన్ని మెచ్చుకునేటప్పుడు, ఎవరెవరి పాటలు ఏ పేరు కింద కలిశాయో కూడా చెప్పుకోవడం న్యాయం.

పాతరికార్డు

సందేహజీవి గారు చెప్పిన పూర్వరంగం విలువైనది, 'లోర్కే' విషయంలో మీ మాటకు ఎదురు లేదు. కానీ రాజ్యం నలభై ఏళ్లు చేతిలో పెట్టుకున్న సూత్రం 1965 తరువాతే ఎందుకు ఫలించింది? రాజ్యానికి కావలసింది శుద్ధిచేసిన పల్లెపాట. ఈ కుర్రవాళ్లకు ఆ పాట వెనుక ఉన్న మనిషి కావలసి వచ్చాడు. ఆ మనిషి పేరు ఆషిక్. సాజ్ భుజాన వేసుకుని, తన పదాలు తానే కట్టి పాడే సంచార కవి.

సివాస్ ప్రాంతంలోని సివ్రిఅలాన్ పల్లెకు చెందిన ఆషిక్ వెయ్‌సెల్ ఏడేళ్ల వయసులో మశూచి వల్ల చూపు కోల్పోయాడు. కాలక్షేపానికని తండ్రి చేతికిచ్చిన సాజే జీవితమైంది. 1973లో మరణించేనాటికి దేశమంతటికీ తెలిసిన కవి. దంతవైద్యం చదువుతున్న ఫిక్రెత్ కిజిలోక్ అనే యువకుడు ఆయన్ని వెతుక్కుంటూ ఆ పల్లెకు వెళ్లి, 1969లో ఆయన పాటనే రికార్డు చేశాడు. జెమ్ కరాజా కథ మరీ ఆసక్తికరమైనది. తల్లి తోతో కరాజా ఆర్మేనియన్ రంగస్థల నటి, తండ్రిది అజర్‌బైజాన్ మూలం, చదువు అమెరికన్లు స్థాపించిన రాబర్ట్ కాలేజీలో. ఇంగ్లీషు రాక్ పాడుకుంటున్న ఆ అబ్బాయి నిర్బంధ సైనిక సేవ కోసం దక్షిణాన అంతాక్యా వెళ్లాడు. అక్కడ సాటి సైనికుల నోట ఆషిక్ కవుల పదాలు విన్నాడు. తిరిగి వచ్చి 1967 పోటీలో అపాష్లర్ బృందంతో పాడిన 'ఎమ్‌రాహ్' 19వ శతాబ్దపు కవి ఎర్జురుమ్లు ఎమ్‌రాహ్ పదానికి కట్టినది. రెండో బహుమతి వచ్చింది. ఆ ఏటి విజేత కన్నా ఆ రెండో పాటనే ఇప్పుడు ఎక్కువమంది వింటున్నారు.

బహుమతుల సంగతి వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. 1968లో గెలిచింది ఇస్తాంబుల్ బృందం కాదు, ఆగ్నేయాన బత్మాన్ పట్టణంలోని ప్రభుత్వ చమురు సంస్థ ఉద్యోగుల వాద్యబృందం. ఆ తరువాత మహామహులైన మోవొల్లర్ బృందానికి ఆ ఏడాది దక్కింది మూడో స్థానమే.

కొలోన్‌వాసి

ఉద్యోగరీత్యా జర్మనీలో ఉంటున్నాను కాబట్టి ఈ కథలో కొలోన్ పాత్ర గురించి చెప్పకుండా ఉండలేను. కరాజా తొలి రికార్డులలో కొన్ని ఇక్కడే, ఫెర్డీ క్లైన్ వాద్యబృందంతో తయారయ్యాయి. 1961లో జర్మనీ, టర్కీల నడుమ కార్మికుల ఒప్పందం కుదిరాక లక్షల మంది ఇక్కడికి వచ్చారు. వారి కోసం పాటలు అమ్మిన 'తుర్కువొలా' సంస్థ ఈ ఊళ్లోనే 1964లో మొదలైంది. మా వీధి చివర కిరాణా దుకాణంలో సాయంత్రం ఆలివ్ డబ్బాలు సర్దుతూ పెద్దాయన పెట్టుకునే పాటల్లో సగం ఆ కాలానివే.

1980 సెప్టెంబరు 12న టర్కీలో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకునే నాటికి కరాజా జర్మనీలో ఉన్నాడు. అప్పటికే 'తమీర్‌జీ చిరాయి' లాంటి పాటలతో కార్మికుల గొంతుగా పేరుపడ్డాడు. కారు బాగుచేయించుకోవడానికి వచ్చిన సంపన్న యువతి మీద మనసు పడ్డ మెకానిక్ కుర్రవాడి కథ అది. నువ్వు పనివాడివి, పనివాడిగానే ఉండు, పనిబట్టలు తొడుక్కో అని మేస్త్రి చెప్పడంతో ముగుస్తుంది. తిరిగి వచ్చి విచారణకు హాజరు కమ్మన్న పిలుపును అతను మన్నించలేదు, 1983లో పౌరసత్వం రద్దు చేశారు. 1987లో ప్రధాని తుర్గుత్ ఓజల్ చొరవతో స్వదేశానికి వెళ్లగలిగాడు. మధ్యలో తండ్రి చనిపోయినప్పుడు కూడా వెళ్లే వీలు లేకపోయింది.

వెన్నెలరాత్రి

చర్చ చాలా బాగుంది. నా సందేహం ఒక్కటే. వీటిని అంతర్జాలంలో అంతటా 'సైకెడెలిక్' అంటున్నారు. అక్కడ నిజంగా అటువంటి ఉద్యమం ఉండేదా? అలాగే ఇంతవరకు అందరూ మగవారి పేర్లే చెప్పారు, తులాయ్ గెర్మాన్ తరువాత స్త్రీలెవరూ లేరా?

సందేహజీవి

వెన్నెలరాత్రి గారూ, ఆనాడు టర్కీలో ఎక్కువమంది వాడిన మాట 'అనదోలు పాప్'. మోవొల్లర్ బృందమే దాన్ని ప్రచారంలోకి తెచ్చింది. ఎర్కిన్ కొరాయ్ వంటి ఒకరిద్దరు పాశ్చాత్య అండర్‌గ్రౌండ్ ధోరణిని తెలిసే స్వీకరించారు. తన బృందానికి 'యెరల్తి దొర్త్‌లుసు', భూగర్భ చతుష్టయం, అని పేరు పెట్టుకున్నాడాయన. మిగతావారికి ఆ ముద్ర 2000 తరువాత పాశ్చాత్య సేకర్తలు పాత రికార్డులను వెదికి పట్టుకుని తిరిగి విడుదల చేసినప్పుడు అంటింది. ఫజ్ ధ్వని, మంద్రంగా ఊగే ఆర్గాన్, శ్రుతి మీద సాగే బాణీ వింటే వారికి తమ 1967 గుర్తుకు వచ్చింది. అనతోలియా శ్రోతకు అదే శబ్దంలో పెళ్లిళ్లలో మోగే జుర్నా (సన్నాయి లాంటిది), దవుల్ (డోలు లాంటిది) గుర్తుకు వస్తాయి.

రెండో ప్రశ్నకు సమాధానం సెల్దా బాజాన్. 1948లో ముయ్లాలో జన్మించి, అంకారా విశ్వవిద్యాలయంలో భౌతిక ఇంజనీరింగ్ చదివి, 1971లో రికార్డులు ఇవ్వడం మొదలుపెట్టారు. 1976 నాటి ఆమె ఆల్బమ్‌లో ఆషిక్ మహ్జునీ షెరీఫ్ రాసిన 'ఇంజె ఇంజె' ఉంది. పేదల మీద సన్నగా మంచు కురుస్తోందని మొదలయ్యే పాట. మాట అంత మెత్తగా ఉంటే సాజ్ మాత్రం విద్యుత్ రంపంలా దూసుకువస్తుంది, ఆ పొత్తు కుదరని జోడీలోనే పాట బలం ఉంది. సైనిక పాలనలో 1981, 1984 మధ్య మూడుసార్లు ఆమెను జైల్లో పెట్టారు. పాస్‌పోర్టు స్వాధీనం చేసుకోవడంతో 1986లో బ్రిటన్‌లోని వోమాడ్ ఉత్సవానికి ఆహ్వానం వచ్చినా వెళ్లలేకపోయారు. 2006లో ఆ ఆల్బమ్ బ్రిటన్‌లో పునర్ముద్రణ అయ్యాక అమెరికన్ రాప్ గాయకుడు మోస్ డెఫ్ తన 2009 ఆల్బమ్‌లో 'ఇంజె ఇంజె' సంగీతాన్ని వాడుకున్నాడు. సెల్దా పాటను కేవలం మత్తెక్కించే శబ్దంగా వినేవారిని చూస్తే నాకు చిరాకు కలుగుతుంది, ఆ మాటల కోసమే ఆమె జైలుకు వెళ్లింది.

చాపుతాళం

మన దేశంలోనూ ఆ సమయానికే ఒక పోటీ ఉండేది. ఒక సిగరెట్ కంపెనీ నడిపిన 'సిమ్లా బీట్' పోటీల నుంచి 1970, 1971లలో రెండు ఆల్బమ్‌లు వచ్చాయి. గిటార్లు అవే, ఫజ్ అదే, కుర్రవాళ్ల ఉత్సాహమూ అదే, పాటలు మాత్రం దాదాపు అన్నీ ఇంగ్లీషులో. మాతృభాష, జానపద బాణీ అన్న నిబంధన అక్కడ లేదు. ఈ ఒక్క పోలిక చూశాక పాతరికార్డు గారి వాదన వైపు నేను మొగ్గుతున్నాను. మనకు జానపద బాణీ మీద విద్యుత్ గిటారు మోగించే పని సినిమా సంగీత దర్శకుల చేతికి వెళ్లింది, బృందాల చేతికి రాలేదు.

వేదిక నిర్వాహకులు

సినిమా పాటల పోలిక విస్తారమైన విషయం, దానికి వేరే చర్చ తెరవవలసిందిగా మనవి. ఇక్కడ టర్కీ సంగీతానికే పరిమితమవుదాం.

ఆరోతీగ

నిర్వాహకుల మాట శిరోధార్యం. చాపుతాళం గారికి ఒక్క చిన్న అభ్యంతరం చెప్పి విషయానికి వస్తాను. నిబంధన ఉంటే చాలదు, దాన్ని దాటి వెళ్లేవాళ్లు కావాలి. పోటీ 1968లో ముగిసింది, గొప్ప రికార్డులన్నీ ఆ తరువాతివే. మోవొల్లర్ సభ్యులు అనతోలియా ఊళ్లు తిరిగి, పల్లె వాద్యాలను వేదిక మీదికి తెచ్చారు. జహిత్ బెర్కాయ్ గిటారుతోపాటు బాలమా, కమానుతో వాయించే యాయ్లి తంబూర్ కూడా పట్టాడు. 1971లో ఫ్రాన్స్‌లో వెలువడిన వారి వాద్యసంగీత ఆల్బమ్‌కు షార్ల్ క్రో అకాడమీ బహుమతి వచ్చింది.

బారిష్ మాంచో పేరు ఇంతవరకు ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యం. బెల్జియంలోని లియేజ్‌లో చిత్రకళ చదివి వచ్చిన ఆయన 1970లో 'దాలర్ దాలర్' పాడాడు. కొండల్లారా, దారి ఇవ్వండి, నా ప్రియను చూడాలి అని వేడుకునే పాట. దానిలో ఫజ్ లేదు, డ్రమ్ముల హోరు లేదు. ఒక గిటారు, దానికి ఎదురుగా కెమెంచె అనే చిన్న కమాను వాద్యం, అంతే. ఆ కెమెంచె వాయించిన జునెయ్ద్ ఒర్హోన్ శాస్త్రీయ సంప్రదాయానికి చెందిన విద్వాంసుడు. గోకాల్ప్ పరాయిదని పక్కన పెట్టిన సంగీతం ఇలా దొడ్డిదారిన తిరిగివచ్చింది. ఆ రికార్డు ఏడు లక్షలకు పైగా అమ్ముడుపోయింది. 1972లో మాంచో కట్టిన బృందానికి అప్పట్లో ఇస్తాంబుల్ నుంచి ఆగ్నేయపు కొసకు వెళ్లిన రైలు పేరే పెట్టాడు: కుర్తలాన్ ఎక్స్‌ప్రెస్.

వెన్నెలరాత్రి

అందరికీ ధన్యవాదాలు. మొదటిసారి వినేవారు ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరైనా చెప్పగలరా?

పాతరికార్డు

కాలక్రమంలో వింటే తొలి రికార్డుల దగ్గరే విసుగు వస్తుంది. నా సలహా: ముందు కొరాయ్ 1974 ఆల్బమ్ 'ఎలెక్త్రొనిక్ తుర్కులెర్'లోని 'జెమాలిమ్' వినండి. ఉర్గుప్ పట్టణం దగ్గర హత్యకు గురైన జెమాల్ అనే వ్యక్తి కోసం పాడే శోకగీతం అది. ఆ పాటను లోకానికి పరిచయం చేసిన రెఫిక్ బషరాన్ అనే జానపద గాయకుడి పాత రికార్డు కూడా అంతర్జాలంలో దొరుకుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి వినండి. కొరాయ్ బాణీని దాదాపు మార్చలేదు, గొంతులోని శోకాన్ని సగం తగ్గించి ఆ సగాన్ని గిటారుకు అప్పగించాడు. ఆ తరువాత సెల్దా 1976 ఆల్బమ్, ఆ పైన కరాజా మోవొల్లర్ బృందంతో కలిసి 1974లో చేసిన 'నముస్ బెలాసి'. మాంచో '2023' ఆల్బమ్ 1975లో వచ్చింది, గణతంత్ర రాజ్యపు నూరేళ్ల పండుగను ముందే ఊహించి పెట్టిన పేరది. మాంచో 1999లోనే పోయారు. ఆ నూరో ఏడు 2023 ఆగస్టులో కొరాయ్ టొరంటోలో కన్నుమూశారు.

కొలోన్‌వాసి

ఈ జాబితాకు ఆల్తిన్ గున్ బృందాన్ని చేర్చండి. ఆమ్‌స్టర్‌డామ్‌లో బేస్ గిటారు వాయించే యాస్పర్ వెర్‌హుల్స్ట్ ఇస్తాంబుల్ వెళ్లినప్పుడు ఈ పాత రికార్డుల మాయలో పడి, తిరిగి వచ్చాక టర్కిష్ గాయకులు కావాలని ఫేస్‌బుక్‌లో ప్రకటన ఇచ్చాడు. వారి 'గెజె' ఆల్బమ్ గ్రామీ నామినేషన్ దాకా వెళ్లింది. ఇక్కడ ఏ పత్రికా నిబంధన పెట్టలేదు, ఏ రాజ్యమూ సూత్రం చెప్పలేదు.

సందేహజీవి

ఏ నిబంధనా అక్కరలేకపోవడానికి కారణం, ఆ పని 1976 నాటికే పూర్తయి ఉండటం. వాళ్లు చేరుకున్నది పల్లెపాటకు కాదు, పల్లెపాటకు కొరాయ్, సెల్దా ఇచ్చిన రూపానికి. ఈ చర్చలో మనం అసలు ముట్టుకోనిది అరబెస్క్. అదే దశాబ్దంలో పల్లెల నుంచి నగరాలకు వలసవచ్చినవారు ఎగబడి విన్న సంగీతం అది. ప్రభుత్వ ప్రసార సంస్థ దాన్ని దగ్గరికి రానివ్వలేదు. దానికి వేరే చర్చ తెరుస్తున్నాను. ఆరోతీగ గారు ఒర్హాన్ గెన్‌జెబాయ్ సాజ్ వాద్యం గురించి అక్కడ రాయాలని కోరుతున్నాను.